బ్రేకక్క చేతులు కట్టుకున్న రోజు

టిక్కు, టక్కు. టిక్కు, టక్కు.

ఆరు కూడా కాని పొద్దు. వీధిలో తలుపులన్నీ ఇంకా మూసే ఉన్నాయి. ఆ చప్పుడు మాత్రం మంచుపట్టిన అద్దాల చిన్న కారులోంచి వస్తోంది. ఎక్కడికీ తిరగని కారుకి ఎడమవైపు దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. దగ్గరికి వెళ్తే ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడు. నీళ్ళ అడుగున గులకరాళ్ళు దొర్లినట్టు ఎవరో మెల్లగా సంస్కృతం వల్లెవేస్తున్నారు. టిక్కుకి ఒక మాట, టక్కుకి ఒక మాట. ఒకచోట మాట జారింది. "ఛీ, మళ్ళీ మొదటికొచ్చింది" అని విసుక్కుంది గొంతు. అద్దం సగం కిందికి దిగింది.

"మీరేనా కొత్త స్టూడెంటు? ఒక్క రెండు నిమిషాలు ఆగండి. ఈ పేజీ ఇప్పుడు వదిలేస్తే రేపు నన్ను గుర్తుపట్టదు."

బ్రేకక్క నాకు అలా పరిచయమైంది. అసలు పేరు డ్రైవింగ్ స్కూలు రిజిస్టరులో ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ దాన్ని వాడిన పాపాన పోలేదు. నేర్పే బండిలో టీచరు కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మనం తొక్కేలోపే, తొక్కాలని మనకి తోచేలోపే అది పడుతుంది. కారు ముక్కు వంచి దండం పెడుతుంది. మన నుదురు స్టీరింగు దాకా వెళ్ళి తిరిగొస్తుంది. పక్కనుంచి నింపాదిగా "ఏం కాలేదు, పోనివ్వండి" అని వినిపిస్తుంది.

అక్కకి నలభై ఏడేళ్ళు. పొట్టి మనిషి, సీటు మీద రెండు దిండ్లు వేసుకుని కూర్చునేది. ఆ దిండ్లే అసలు కథ. ఒకటి ఎత్తు కోసం, రెండోది నడుము కోసం. ఇరవై రెండేళ్ళు పక్కకి ఒరిగి, మెడ తిప్పి, కుడికాలు గాల్లో పెట్టుకుని కూర్చున్న నడుము ఒకరోజు కారులోంచి దిగనని మొరాయించింది. డాక్టరు ఎక్సురే దీపానికి పెట్టి చూసి, ఈ సీటు మానేయాలి, మహా అయితే ఏడాది అన్నాడట.

"మానేసి ఏం చెయ్యను చెప్పండి?" అంది అక్క ఓ రోజు, నేను మూడోసారి ఇంజను ఆపేసి తల గోక్కుంటుంటే. "నాకు వంట రాదు, మా అత్తగారు సాక్ష్యం. కుట్టు రాదు. ఎవరో ఒకరికి ఏదో ఒకటి నేర్పడం తప్ప నాకేం రాదు. కూర్చుని నేర్పలేను గనక నిలబడి నేర్పే చదువేదో వెతుక్కున్నాను."

నడుము నొప్పికి వెళ్ళిన యోగా క్లాసులో గోడకి అంటించిన కాగితం చూసింది. సంవత్సరం పాటు సాయంత్రాలు శిక్షణ. దర్శనం, పాత గ్రంథాలు, శరీరశాస్త్రం, సాధన. చివర పరీక్ష. పాసైతే టీచరు. ఆ కాగితాన్ని అక్కడే నిలబడి మూడుసార్లు చదివానని చెప్పింది. మరుసటి వారంనుంచి కారు అద్దం పైన, ఎండ తగలకుండా దించుకునే అట్టకి, బట్టల క్లిప్పుతో ఒక నోటుబుక్కు వేలాడటం మొదలుపెట్టింది.

అందులో రాసుకున్న యోగసూత్రాలు చిన్నవే. ఒక్కో దానిలో నాలుగైదు మాటలు. కానీ అవి పొద్దున నోటికొచ్చి మధ్యాహ్నానికి ఎగిరిపోయేవి. ఇండికేటరు వేసుకుని తాళానికి చదివితే నిలుస్తాయని కనిపెట్టింది. బండి బ్యాటరీ రెండుసార్లు పడుకుంది. స్కూలు గుమస్తా లబోదిబోమన్నాడు. అక్క మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఊరుకుంది.

ఇంట్లో అయితే మరిచిన మాట వంటగదిలోంచి అత్తగారు అందించేవారు. ఒకసారి ఏవో కాగితాలమీద సంతకానికి వెళ్ళినప్పుడు చూశాను. ముందుగదిలో చాప మీద కాళ్ళు మడుచుకుని అక్క కూర్చుంది. నోరు తెరిచింది, మాట రాలేదు. లోపల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది. తర్వాతి మాట, ఆ తర్వాతిది, మొత్తం వరస కుళాయి విప్పినట్టు లోపల్నించి వచ్చింది.

"మీకెలా వచ్చు అత్తయ్యా?"

"రాక చస్తుందా? ఆర్నెల్లనించి చెవిలో జోరీగలా అదేగా. పరీక్షకి నన్ను పంపించు. నువ్వొచ్చి గిన్నెలు తోము."

"మీరు కాళ్ళు మడిచి కూర్చోలేరుగా."

"నువ్వు కూర్చుంటే ఏం లాభం, నోరు తెరవలేవుగా."

ఇద్దరూ నవ్వుకున్నారు.

అర్థాల దగ్గర మాత్రం అక్కకి అడ్డులేదు. అన్నీ కారులోకి ఎక్కించేది. ఊపిరి వదలడమంటే క్లచ్ వదలడమే, తటాలున వదిలితే బండి గెంతుతుంది అనేది. మనసు గురించి పెద్దలు రాసింది చదివి, "కొత్తగా నేర్చుకునేవాడు నాలుగు రోడ్ల కూడలిలో ఇరుక్కున్నట్టుంది, ఇది నాకు తెలిసిన మనిషే" అని మురిసిపోయింది. అభ్యాసం, వైరాగ్యం అని రెండు మాటలు ఉన్నాయి. సాధన చెయ్యడం, పట్టు వదలడం. మొదటిది కొట్టినపిండి. రెండోదాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకుంది.

ఆ ప్రశ్నార్థకం పరీక్ష రూపంలో ఎదురొచ్చింది. యోగా స్కూలు నడిపే పెద్దావిడకి ఒక నియమం ఉంది. చివరి పరీక్షలో అభ్యర్థి ఎనిమిదిమందికి గంటసేపు క్లాసు చెప్పాలి. ఆ గంటలో ఎవరినీ చేత్తో ముట్టుకోకూడదు. వీపు వంగినా, కాలు వణికినా మాటతోనే సరిచెయ్యాలి.

"చేత్తో సరిచేసింది చెయ్యి తియ్యగానే పోతుందమ్మా. మాటతో సరిచేసింది వాళ్ళతో ఇంటికి వెళ్తుంది" అందట పెద్దావిడ.

"మరి పడిపోతే?"

"కింద చాప ఉంది."

పరీక్షకి ముందు అక్క నలభైమూడు రోజులు అభ్యాసపు క్లాసు చెప్పింది. వచ్చేవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. డెబ్భై దాటాయి, బతుకంతా గడియారాలు బాగుచేసి భూతద్దం పెట్టుకున్న కన్ను కొంచెం చిన్నదైపోయింది. అందరూ గడియారం తాత అనేవాళ్ళు. ఆయనకి ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం మీద పంతం. ఎత్తిన పాదం తొడకి ఆన్చేసరికి మనిషి గాలికి ఊగే తీగలా ఊగేవాడు. ఆయన ఊగినప్పుడల్లా ఇక్కడ అక్క కుడికాలు నేలని నొక్కేది. చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళిపోయేవి.

పరీక్షరోజు బయటినుంచి ఒక పరీక్షకురాలు వచ్చింది. ఆ మధ్యాహ్నం సంగతి అక్క నాకు నాలుగుసార్లు చెప్పింది, నాలుగుసార్లూ ఒకేలా చెప్పింది. యాభై నిమిషాలు సజావుగా గడిచాయి. అందరూ వృక్షాసనంలోకి వచ్చారు. కిటికీ లోంచి గాలి కొట్టి బల్లమీది కాగితాలు లేచాయి. పరీక్షకురాలు కిటికీ మూయడానికి లేచి అటు తిరిగింది. సరిగ్గా అప్పుడే తాత కుడివైపుకి ఒరిగాడు.

అక్క వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది. రెప్పపాటు. వదిలేసి తన చోటికి వచ్చేసింది. కిటికీ మూసుకుంది. ఎవరూ చూడలేదు.

క్లాసు అయ్యాక పరీక్షకురాలు కాగితం ముందు పెట్టుకుని గడులు నింపుతూ వరసగా అడిగింది. సమయం పాటించారు కదా? పాటించానండి. విశ్రాంతి ఇచ్చారు కదా? ఇచ్చానండి. ఎవరినైనా తాకారా?

ఆవిడ తలెత్తకుండానే అడిగింది. "లేదు" అనే మాట కలం కొసన సిద్ధంగా ఉంది, రాయడమే తరువాయి.

"తాకాను" అంది అక్క.

కలం ఆగింది. "ఎప్పుడు?"

"మీరు కిటికీ దగ్గరున్నప్పుడు. తాతగారు పడబోయారు. యమనియమాల్లో మొదటిది అహింస, రెండోది సత్యం కదండీ. మొదటిదానికోసం పట్టుకున్నాను, రెండోదానికోసం చెప్తున్నాను. ఇంక మీ ఇష్టం."

ఈ సమాధానానికి గదిలో ఎవరో 'భలే' అన్నారు కూడా. అక్కకి ఆ క్షణాన, పాస్ చేసేస్తారేమో అన్న ఆశ చివురంత లేచిందట. అంతలో చాప చుట్టుకుంటున్న తాత విసురుగా లేచాడు.

"పడబోయానని నీకెవరు చెప్పారమ్మాయ్?"

"ఒరిగారు కదా తాతగారూ."

"ఒరుగుతాను. ఒరిగి మళ్ళీ మధ్యకొస్తాను. గడియారం లోలకం చూళ్ళేదా ఎప్పుడూ? నలభైమూడు రోజులయింది తల్లీ! ఇవాళ మొట్టమొదటిసారి కాలికింద నేల నాదనిపించింది. ఇదిగో దొరికింది, ఇదిగో దొరికింది అనుకుంటున్నాను. నువ్వొచ్చి మోచెయ్యి పట్టుకున్నావు. ఇంకేముంది, నిలబడింది నేనో నువ్వో ఎవరికి తెలుసు?"

ఆ గడిలో పరీక్షకురాలు 'అవును' అని రాసింది. రాతలో డెబ్భైఆరు మార్కులు, బోధనలో తప్పింది. మూడునెలలకి మళ్ళీ రావచ్చు.

తప్పినందుకు అక్క ఏడవలేదు. ఆ వారం కారులో నోటుబుక్కు తియ్యలేదు, ఇండికేటరు మలుపుల దగ్గర మాత్రమే మోగింది. నాలుగోరోజు ఖాళీ మైదానంలో, గుర్తుకి నిలబెట్టిన డ్రమ్ముల మధ్య బండి వెనక్కి పెట్టడం నేర్చుకుంటుండగా ఉన్నట్టుండి అడిగింది.

"నిన్న ఆ పాలవ్యాను ఎదురొచ్చినప్పుడు నేను తొక్కకపోతే మీరు తొక్కేవారా?"

"తొక్కేవాణ్ణనుకుంటా అక్కా. కాలు సగం దాకా వచ్చింది."

"సగం దాకా వచ్చిందా?" అద్దంలోంచి మైదానంలోకి చూసింది. ఎండలో డ్రమ్ముల నీడలు పొట్టిగా పడుకున్నాయి. "ఇరవై రెండేళ్ళు. సగం దాకా వచ్చిన కాళ్ళు ఎన్నుంటాయో. వాళ్ళంతా నేను కాపాడాననే అనుకుని ఉంటారు. నేనూ అదే అనుకున్నాను."

అని రెండు కాళ్ళూ పైకి తీసి సీటు మీద మఠం వేసుకుంది. రెండు చేతులూ ఛాతీమీద కట్టుకుంది. "వెనక్కి పోనివ్వండి. ఇక్కడ డ్రమ్ములు తప్ప ప్రాణమున్నది ఏదీ లేదు."

పోనిచ్చాను. డబ్ మన్నది. నేను అక్క వంక చూశాను.

"నన్నెందుకు చూస్తారు? నాకు వినిపించింది, మీకూ వినిపించింది. ఇంకోసారి పోనివ్వండి."

ఆ మూడునెలలూ మైదానంలో అదే వరస. రోడ్డు మీద కాలు బ్రేకు మీదే ఉండేది, అది దాని కొలువు అనేది. మైదానంలో మాత్రం మఠం. మొదట్లో నేను ఒక్కో డ్రమ్ముకీ చేరువవుతుంటే ఆమె మెడమీద నరం తేలేది, కళ్ళు గట్టిగా మూసుకునేది. చూస్తే కాలు ఊరుకోదట. పోనుపోను కళ్ళు తెరుచుకున్నాయి. మాటలు మారాయి. "ఆపండి" పోయింది. "వెనక ఏం కనిపిస్తోంది?" వచ్చింది. నాకు వేరే మనిషి పక్కన కూర్చున్నట్టుండేది. డ్రమ్ములకి సొట్టలు తగ్గాయి.

రెండో పరీక్షకి ఆమెను నేనే తీసుకెళ్ళాను, ఆమె పక్కన ఉండగా, తిన్నగా. క్లాసు మేడమీద. నేను కింద కారుకి ఆనుకుని నిలబడ్డాను. తెరిచిన కిటికీలోంచి అక్క గొంతు వినిపిస్తోంది. నెమ్మదిగా, తొందరలేకుండా ఉంది. "నేల మీద పాదం ఎక్కడెక్కడ ఆనిందో చూసుకోండి. బొటనవేలు. మడమ. ఊగితే ఊగనివ్వండి." వీధిలో ఎవరో దులుపుతున్న దుప్పటి గాలిలో తెరచాపలా విచ్చుకుని ముడుచుకుంది.

పైన ధబ్ మన్నది.

నా కాలే నేలని నొక్కింది. ఎవరి అడుగుల చప్పుడూ లేదు. పరుగు లేదు. అంతలో తాత నవ్వు, దగ్గుతో కలిసి, మెట్లమీదుగా కిందిదాకా దొర్లుకుంటూ వచ్చింది.

"నేనే పడ్డాను! చూశారా, నేనే పడ్డాను!"

"చూశాం తాతగారూ" అంది అక్క గొంతు. ఆ గొంతు ఉన్నచోటనుంచి కదల్లేదు. "తాపీగా లేవండి. రెండో కాలు మిగిలే ఉంది."

రెండో కాలి మీద ఆయన పది లెక్కపెట్టేదాకా నిలబడ్డాడు. లెక్కపెట్టింది గదిలో అందరూనట. కిందికి వచ్చినప్పుడు అక్క చేతులు ఇంకా కట్టుకునే ఉన్నాయి. విప్పి చూపించింది. రెండు మోచేతుల మీదా తన గోళ్ళ గుర్తులే, ఎర్రగా, చంద్రవంకల్లా. "నన్ను నేను పట్టుకోవచ్చుగా, వద్దని నియమంలో లేదుగా" అంది.

టీచరు కాగితం పదిరోజులకి వచ్చింది. స్టేషనరీ దుకాణం పైన గది అద్దెకి తీసుకుంది. అత్తగారు అక్కడ మొదటి వరసలో కుర్చీ వేయించుకుంటానని ప్రకటించారు. నాకూ అదే వారం లైసెన్సు చేతికొచ్చింది.

అక్క డ్రైవింగ్ స్కూలులో చివరిరోజు, కొత్త గదిలో మొదటిరోజు ఒకటే అయ్యాయి. ఆమెను దుకాణం ముందు దింపాను. సీటు మీది రెండు దిండ్లూ చంకన పెట్టుకుంది. నేను కారు ఆపి తాళం ఇవ్వబోయాను. పైనుంచి చాపలు పరుస్తున్న చప్పుడు, తాత ఎవరినో కసురుకుంటున్న గొంతు వినిపిస్తున్నాయి. అక్క తాళం తీసుకోలేదు. అప్పటికే రెండు మెట్లు ఎక్కింది.

"కారు మీరే తీసుకెళ్ళి ఆఫీసు దగ్గర పెట్టేసి, తాళం గుమస్తాకిచ్చెయ్యండి. దారిలో ఏ గోడకైనా గీసుకుంటే గీసుకోనివ్వండి. నాకు ఫోన్ చేసి మాత్రం చెప్పకండి, నేను పాఠంలో ఉంటాను."