రేపల్లెలో చేసిన వజూ

నలుగురు పిల్లల్ని కన్న మనిషి, ఇంత ఇబ్బందిని ఇన్నేళ్లు ఇంట్లో ఒక్కరికీ చెప్పకుండా ఎలా నెట్టుకొచ్చింది? అది ఇప్పటికీ అంతుపట్టదు.

దగ్గినా, బిందె ఎత్తినా సుల్తాన్ బీకి మూత్రం చుక్క జారేది. జారిందంటే నమాజు కోసం కాళ్లూ చేతులూ ముఖం కడుక్కుని చేసిన వజూ పోయినట్టే. మళ్లీ కుళాయి దగ్గరికి నడిచేది. బాపట్లలో చెల్లెలి కూతురి పెళ్లిలోనూ, చప్పున లేచి వెళ్లడానికి వీలుగా గుమ్మం పక్కనే కూర్చుంది. ఆవిడకు శుభ్రం పిచ్చి అని ఇంట్లోవాళ్లు నవ్వుకునేవారు.

కోడలు హుమేరాకు తొలికాన్పయ్యాక అదే మొదలైంది. ఆ పిల్ల దాచలేదు, ఏడ్చి చెప్పేసింది. కాన్పు చేసిన డాక్టరమ్మ తెనాలిలో హెలెన్ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లమంది. మనవణ్ణి ఎత్తుకుని సుల్తాన్ బీ తోడు వెళ్లింది.

హెలెన్ ముందు హుమేరా పొట్టకు అత్తగారు బిగించి కట్టిన చీరముక్క విప్పించింది. కాన్పులో సాగిపోయిన పొత్తికడుపు అడుగు కండరాలను, గాలి పోకుండా ఆపుకున్నట్టు పైకి లాగి, మళ్లీ పూర్తిగా వదిలేయమంది. అంతలో ఆమె చూపు మూలన కూర్చున్న ముసలావిడ మీద పడింది.

“పిన్నిగారూ, మీరూ చేస్తున్నారా ఏంటి?”

“నేనెందుకమ్మా! పిల్లాడు బరువు, అంతే.”

“ఊపిరి బిగబట్టకూడదండి. వదలండి.”

వదిలింది. కోడలు బయట చెప్పులు వేసుకుంటుంటే మెల్లగా అడిగింది.

“ఈ వయసులో బాగవుతుందా అమ్మా?”

“చాలామందికి తగ్గుతుందండి. ఈసారి వచ్చినప్పుడు మిమ్మల్నీ చూస్తాను.”

ఆ తర్వాత తెనాలి వెళ్లే రైల్లో అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చుని, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తూ కండరాలు బిగించేవాళ్లు. ఒకరి ముఖం చూసి ఒకరికి నవ్వొచ్చేది. మొదట్లో ఆ నవ్వుకే పని చెడేది. హుమేరాకు త్వరగానే నయమైంది. అత్తకు మాత్రం ఓ వారం బాగుందనిపించి, మరో వారం మళ్లీ మొదటికొచ్చేది. అయినా మానలేదు.

ఒక రోజు ఒక్కతే బయలుదేరింది. రేపల్లెలో ఇంటి దగ్గరే వజూ చేసుకుని రైలెక్కింది. వేమూరు దాటాక గట్టిగా దగ్గొచ్చింది. కదలకుండా కూర్చుని చూసుకుంది. ఏమీ కాలేదు.

తెనాలి చేరేసరికి హెలెన్ లోపల మరో బాలింతను చూస్తోంది. నమాజుకు దుప్పటి పరుస్తున్న సుల్తాన్ బీకి ఆయా ఏసమ్మ కుళాయి చూపించబోయింది.

“వద్దులే అక్కా. వజూ ఉంది.”

మధ్యాహ్నం నమాజు తీరుబడిగా చదువుకుంది. నుదురు నేలకు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. లేచి దుప్పటి మడిచి సంచిలో పెట్టుకుంది. హెలెన్ బయటికొచ్చి పిలిచేసరికి సుల్తాన్ బీ, ఇక చూపించుకోవాల్సిన పని లేదనుకుని, ఎవరికీ చెప్పకుండానే స్టేషన్ దారి పట్టింది.