బర్గరు తింటే ఒప్పుకున్నట్టేనా

కామారెడ్డిలో మా దుకాణం తెరిచింది ఒక శ్రావణ శనివారం నాడు. అమ్మేది వేయించిన కోడి, కోడిమాంసం పెట్టిన బర్గర్లు. తెరిచింది ప్రపంచమంతా కొట్లు పెట్టుకుంటూ పోతున్న కంపెనీ. సముద్రాల అవతల ఎవరో పెద్దమనిషి క్యాలెండరు చూసి, శనివారం కదా, జనం బాగా వస్తారని ఖాయం చేసి ఉంటాడు. శ్రావణంలో మా వైపు సగం ఇళ్లలో కోడిగుడ్డు కూడా పగలదని, అందులోనూ శనివారమని ఆయనకు చెప్పేవాళ్లు లేకపోయారు. రిబ్బను కత్తిరించాం, బెలూన్లు కట్టాం, చప్పట్లు మాకు మేమే కొట్టుకున్నాం. వచ్చినవాళ్లు ఏసీ గాలికి కాసేపు నిలబడి, ఫొటోలు దిగి, "శ్రావణం ఎల్లినంక వస్తం తియ్" అని వెళ్లిపోయారు. నేను కౌంటరు వెనక సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నాను, ఎందుకంటే అది నా నౌకరి.

ఆ నవ్వు కూడా మాకు వీడియోలో నేర్పారు. ఏ దేశపు కొట్టులోనైనా పనిచేసే పిల్లలు అదే నవ్వు నవ్వాలి, ఆలుగడ్డను అదే మందంలో కోయాలి, కోడిని అదే రంగు వచ్చేదాకా వేయించాలి. "ప్రపంచంలో ఎక్కడ తిన్నా ఒకటే రుచి" అని గోడ మీద రాసి ఉంటుంది. ఆ ఒకటే రుచి కామారెడ్డి నాలుకకు ఏమాత్రం ఆనలేదు. ఉల్లిగడ్డ ఏది, నిమ్మకాయ ఏది అని రోజూ పంచాయితీ. బీబీపేట నుంచి వచ్చిన ఒక అవ్వయితే సంచిలోంచి మామిడికాయ తొక్కు సీసా తీసి, బర్గరు విప్పి, లోపల పూసుకుని తిన్నది. అప్పుడు బాగుందట. వీడియోలో నేర్పని నవ్వు నాకు ఆ రోజే వచ్చింది.

గోడ మీది ఆ రాత పక్కనే ప్రపంచ పటం ఉండేది. కంపెనీ కొట్టు ఉన్న చోటల్లా ఎర్ర చుక్క. దాని కింద మన రాష్ట్రం పటం విడిగా వేశారు. అందులో మా కామారెడ్డి చుక్క పోయి పోయి నిజాంసాగర్ నీళ్లలో పడింది. ఏరియా మేనేజరుకు చూపిస్తే, "పైనుంచే అట్ల వచ్చిందమ్మా, మనం ముట్టుకోవద్దు" అన్నాడు. హైదరాబాదు మనిషి, మంచివాడే, కానీ పైనుంచి వచ్చిందంటే వర్షాన్ని కూడా ప్రశ్నించడు.

నేను ఎల్లారెడ్డి పిల్లను. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు ఇంట్లో కూర్చుని, అమ్మతో రోజూ తిట్లు తిని, ఈ నౌకరిలో చేరాను. పొద్దున్నే బస్సెక్కితే అందులో తెలిసిన ముఖాలన్నీ అడిగేది ఒకటే, మన ఎల్లారెడ్డిలో ఎప్పుడు పెడుతున్నరని. ఆ కంపెనీ నా సొంతమైనట్టు నేనూ "పెడతం, పెడతం" అనేదాన్ని. సిగ్గెందుకు, నాకా పని ఇష్టం. నూనె వాసన ఇష్టం, జనం ఇష్టం, పది మందికి పని చెప్పడం మరీ ఇష్టం. తొందరలోనే షిఫ్టు ఇన్‌ఛార్జిని అయ్యాను.

కార్తీకం వెళ్లిన వారంలో ఏరియా మేనేజరు నన్ను పక్కకు పిలిచాడు. కంపెనీ వరసగా కొత్త ఊళ్లలో కొట్లు తెరుస్తోంది, ప్రతిచోటా ముందే వెళ్లి, కొత్త పిల్లలకు పని నేర్పి, ఇంకో ఊరికి కదిలే జట్టు ఒకటి ఉంటుంది, అందులోకి వస్తావా అన్నాడు. ఈ ఆదివారం సాయంత్రానికల్లా చెప్పమన్నాడు. ఆ రోజు బస్సులో నా కాలు ఒక చోట నిలవలేదు. అంతగా నేను ఎన్నడూ దేన్నీ కోరుకోలేదు.

ఇంటికెళ్లి చెబితే మా బాపు విని, తువ్వాలతో ముఖం తుడుచుకుని, "ఊరూరు తిరిగి కోళ్లు నూనెల గోలిచ్చుడు ఏం నౌకరి?" అన్నాడు. "దోమకొండ దిక్కు సంబంధం ఒకటి వచ్చింది. ఆదివారం సూడనీకి వస్తున్నరు. కుదిరితే నౌకరి బంద్. కుదరకుంటే గప్పుడు సూద్దాం."

"ఆదివారం నాకు డ్యూటీ ఉన్నది బాపు."

"ఆడికే వస్తరట. నువ్వు ఏం పని జేస్తున్నవో పిల్లగాని తల్లి సూస్తదట."

అట్లా నా పెళ్లిచూపులు నా కౌంటరు ముందరికే వచ్చాయి. అమ్మకు రావాలనే ఉంది. కానీ మా మడికి వరికోత మిషను దొరికింది ఆ ఆదివారమే, పోతే మళ్లీ దొరకదు. ఫోన్ చేస్తానని ఊళ్లోనే ఉండిపోయింది. బాపు ఒక్కడే తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. వాళ్లవైపు నుంచి పిల్లగాడు, వాళ్ల అమ్మ, వాళ్ల కాక, అంటే చిన్నాన్న. పిల్లగాని తండ్రి లేడు, కాబట్టి ఆ కాకే వాళ్లింటి పెద్దమనిషి.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. పిల్లను చూడ్డానికి వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగుతారు, మరీ బతిమాలితే చాయ తాగుతారు. తిండి మాత్రం ముట్టరు. పెద్దమనిషి కూర్చుని తిన్నాడంటే సంబంధం ఒప్పుకున్నట్టే, ఆ తర్వాత మాట తప్పితే ఊళ్లో పరువుండదు. అందుకే పిల్లగాని తల్లి లోపలికి వస్తూనే, "మాకేం వద్దు, ఏం తేవద్దు" అని ముందే కట్టడి చేసింది.

ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసి, "టోపీ తీయ్ బిడ్డా, జడ సూస్త" అన్నది. టోపీ తీస్తే తిండిలో వెంట్రుకలు పడతాయని కంపెనీ ఒప్పుకోదని చెప్పాను. ప్రపంచమంతా ఇదే రూల్ అని కూడా అన్నాను. ఆమె మెడ వంచి టోపీ కింద నుంచి ఎంత కనబడితే అంత చూసుకుంది. పిల్లగాడు ఫోన్‌లోంచి తల ఎత్తి, "ఈడ వైఫై ఉంటదా?" అని అడిగాడు. నాతో అతను అన్నది అదొక్క మాటే.

తర్వాత అసలు మాట వచ్చింది. "పెండ్లయినంక ఈ హోటల్ల నిలబడుడు ఉండదు. మా ఇంట్ల గసొంటివి లెవ్వు" అన్నది ఆమె. బాపు తల ఊపాడు.

ఇంతలో మా ఏరియా మేనేజరు తనిఖీకి దిగాడు. స్టాఫు ఇంటివాళ్లు వచ్చారని తెలిసి, పాపం మర్యాద చేద్దామనుకుని, ట్రే నిండా బర్గర్లు, ఆలుగడ్డ ముక్కలు, కూల్‌డ్రింకులు తెప్పించి బల్ల మీద పెట్టించాడు. ఎవరూ ముట్టలేదు. బాపు, ఆమె నా నౌకరి గురించి మాట్లాడుకుంటున్నారు, నేను ఆమె ముఖం చూస్తున్నాను, పిల్లగాడు వైఫైలో ఉన్నాడు. మేం తిరిగి చూసేసరికి కాక ముందు ఖాళీ కాగితం ఉంది. బర్గరు పూర్తయింది, ఆలుగడ్డ ముక్కలు సగమయ్యాయి.

బాపు ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడి, "తింటిరి గద బావ. ఇగ మాట ఖాయమే" అన్నాడు.

పిల్లగాని తల్లి మరిది వైపు చూసిన చూపుకు నేనైతే చచ్చేదాన్ని. "షుగర్ గోలి ఏసుకున్న వదినె. తినకుంటె కండ్లు తిరుగుతయి" అని నసిగాడాయన.

"గది తినుడా?" అన్నదామె బాపు వైపు తిరిగి. "గది బిస్కెట్ లెక్క. అన్నం తింటెనే తిన్నట్టు. మాకింకా బీబీపేటల ఒక పిల్లను సూసేదున్నది."

"జొన్నరొట్టె తిని పొలం కాడికి పోయేటోళ్లం, రొట్టె తిండి కాదంటే ఎట్ల చెల్లె? రొట్టె ఉన్నది, నడుమ కూర ఉన్నది. ఇంకేం గావాలె?"

పక్క బల్ల దగ్గర కూర్చున్న ముసలాయన మధ్యలో దూరాడు. "చెయ్యి కడిగిండా? చెయ్యి కడిగితెనే తిన్నట్టు" అన్నాడు.

"కాయితంతోని తుడుసుకున్నడు" అని ఇంకెవరో సాక్ష్యం చెప్పారు. దుకాణంలో సగం మంది తిన్నట్టే అన్నారు, సగం మంది కాదన్నారు. ఫ్రయ్యరు దగ్గరున్న పిల్లలు కూడా పని ఆపి చూస్తున్నారు.

చివరికి పిల్లగాని తల్లే అన్నది, "పిల్లనే అడుగుండ్రి. అమ్మేది ఆమెనే గద. చెప్పు బిడ్డా, ఇది అన్నం లెక్కనా, చిరుతిండి లెక్కనా?"

అందరూ నా వైపు తిరిగారు. మా ఏరియా మేనేజరు కూడా తిరిగాడు. "చెప్పమ్మా, మనది కడుపు నిండే భోజనమే కదా" అని నవ్వాడు, అదే వీడియో నవ్వు. ఈ బర్గరు తిండే కాదంటే సాయంత్రం ఆయన నన్ను ఏ జట్టులోకీ పంపడు. తిండే అంటే నా పెళ్లి ఖాయం, నౌకరి బంద్. ఇంతమంది పెద్దమనుషులు కలిసి నన్ను ఇట్లా ఇరికించారని నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది, కౌంటరు బల్ల పట్టుకున్నాను.

"మామ తిన్నడు" అన్నాను. "కడుపు నిండ తిన్నడు, నేను కాదనట్లే. మీ దిక్కుకెల్లి ఒప్పుకునేటోళ్లు తిన్నరు. నా దిక్కుకెల్లి ఒప్పుకోవాల్సింది నేను. నేను పొద్దుగాలటి సంది ఏం తినలే."

బాపు నోరు తెరిచే లోపలే మిగతాదీ అనేశాను. "నాకు ఈ నౌకరి గావాలె. నాలుగు ఊర్లు తిరగాలె. గది వద్దనే ఇంట్ల నేను మంచినీళ్లు గూడ తాగ."

"పిల్లకు నోరున్నది" అని పిల్లగాని తల్లి సంచి భుజానికి తగిలించుకుంది. పిల్లగాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. కాక మిగిలిన ఆలుగడ్డ ముక్కలు కాగితంలో చుట్టుకుని, నాకు తల ఊపి, వాళ్ల వెనకే నడిచాడు. ఏరియా మేనేజరు ఏదో లెక్క చూసుకోవాలని స్టోరు గదిలోకి తప్పుకున్నాడు.

బాపు మాత్రం కదల్లేదు. పటం కింద కుర్చీలో కూర్చుండిపోయాడు. నేను దగ్గరికి వెళ్తే, "నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు, అదే నాకు ఇంకా కష్టమనిపించింది. ఎల్లారెడ్డి బస్సుకు టైమవుతుందని చెప్పాను. నేను తిరిగి కౌంటరు వెనక్కి పోయి వచ్చినవాళ్లకు వచ్చినట్టు ఇస్తూ ఉన్నాను, ఏడుపు వస్తోంది, జనం ముందు ఏడవలేను. బస్సు పోయింది. ఇంకో బస్సు కూడా పోయింది. బాపు ఆ కుర్చీలోంచి నన్నే చూస్తున్నాడు, నేను పిల్లలకు పని చెప్పడం, వాళ్లు పరుగెత్తడం, గల్లా దగ్గర గొడవైతే నేను సర్దడం.

పొద్దు వాలుతుండగా లేచి వచ్చి కౌంటరు ముందు నిలబడ్డాడు, అందరిలాగే వరసలో.

"ఆకలైతుంది. నాకొకటి పెట్టు" అన్నాడు.

పెట్టాను. నిలబడే మొత్తం తిన్నాడు. ఉప్పు లేదన్నాడు, కారం లేదన్నాడు, రొట్టె దూదిలాగ ఉందన్నాడు, తింటూనే ఉన్నాడు. తిన్నాక మూలనున్న నల్లా దగ్గరికి పోయి చేతులు శుభ్రంగా కడుక్కుని వచ్చాడు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. అమ్మ. కోత మిషను చప్పుడు మీద అరిచి అరిచి అలవాటైందేమో, ఆమె గొంతు నాకు కౌంటరు ఇవతల దాకా వినబడుతోంది.

"ఏమైంది? తిన్నరా వాళ్లు?"

"వాళ్ల ముచ్చట ఇడిసిపెట్టు" అన్నాడు బాపు. "మన పిల్ల కాడ నేను తిన్న."

దానికి అమ్మ, "మరి పిల్ల ముందుగాల ఏ ఊరికి పోతదట?" అని అడిగింది.