మూడో వార్డులో లేని పేర్లు

పంచాయతీ ఎన్నికలకు ముందు ఏడాది నన్ను గద్వాల నుంచి వనపర్తి జిల్లాలోని ఒక మండలానికి ఎంపీడీవోగా, అంటే మండల పరిషత్తు అభివృద్ధి అధికారిగా బదిలీ చేశారు. వార్డుల వారీగా ఓటర్ల ముసాయిదా జాబితా తయారు చేయించడం, పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టించడం, అభ్యంతరాలు తీసుకోవడం నా పని. అభ్యంతరం గడువులోగా సంతకంతో రావాలి. నోటిమాట చెల్లదు.

గడువుకు మూడు రోజుల ముందు నా ఫోనుకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మాట్లాడింది మా మండలంలోని ఒక ఊరి నుంచి పుణెకు భవనాల పనికి వలసపోయిన ఏస్తేరమ్మ. అప్పటికే అది పెబ్బేరు నుంచి నాగర్‌కర్నూల్ దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది.

"సారూ, మూడో వార్డుల మా వాడోళ్ల పేర్లే లేవు. మేం పనికొచ్చినం గని సచ్చిపోలే. ఎవలు తీసేసిండ్రు? జర చెప్పుండ్రి."

ఎవరో దాని కింద నా ఫొటో పెట్టి, తీసేసింది ఈయనేనని రాశారు. ఆ రోజంతా ఏ ఫైలూ ముట్టలేకపోయాను. ఫోను పక్కన పెట్టడం, మళ్లీ తీయడం. జాబితా బయటికెలా పోయిందని ఆరా తీస్తే, ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి శైలజ ఫొటోలు తీసి ఊరి గ్రూపులో పెట్టిందని తేలింది. సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చాను. ఆమె ఆఫీసుకొచ్చి నిలబడే అడిగింది: "సార్, సగం ఊరు పుణెల ఉంది. బోర్డు మీది కాగితం గోడ సదువుతదా?"

మర్నాడు, వార్డు జాబితాకు ఆధారమైన అసెంబ్లీ ఓటర్ల జాబితా పట్టుకుని ఆమెతో కలిసి ఆ వాడకు వెళ్లాను. చాలా ఇళ్లకు తాళాలున్నాయి. ఇంటి నంబర్లు ఒక్కొక్కటే పోల్చి చూశాం. ముప్ఫై ఒక్క పేర్లు వార్డు జాబితాలోకి ఎక్కనేలేదు. ఒక పేజీ మొత్తం జారిపోయింది. ఆ జాబితా మీద సంతకం నాది. కావాలని తీశానన్నది అబద్ధం, పేర్లు లేవన్నది నిజం.

ఏస్తేరమ్మకు ఫోన్ చేసి తప్పు మాదేనని ఒప్పుకున్నాను. ఊళ్లో ఉన్నవాళ్లతో అభ్యంతరం రాయించి ఇప్పించమన్నాను.

"గట్లనా సారూ? మరి గీ మాట గ్రూపుల గూడ చెప్తరా?"

పై అధికారిని అడిగి చెప్తానన్నాను. సాయంత్రం పై అధికారికి చెప్పి, పొరపాటు మా ఆఫీసుదేనని నా గొంతుతోనే గ్రూపులో చెప్పాను. మర్నాడు ఏస్తేరమ్మ అత్త వేలిముద్ర వేసిన కాగితం అందింది. తుది జాబితాలో పేర్లన్నీ ఎక్కాయి. శైలజకిచ్చిన మెమో ఉపసంహరించుకున్నాను. నా ఫొటో మాత్రం చాలా రోజులు తిరిగింది. దాన్ని వెనక్కి పిలిచే నిబంధన ఏదీ లేదు.

జాబితా ఎవరు బయటపెట్టారని వెతకడానికి ఒక రోజు పోగొట్టాను. మెసేజ్‌లో చెప్పింది నిజమేనా అని చూడటానికి ఒక్క పూట సరిపోయింది. ఆ తర్వాత ఏ ఫిర్యాదు ఏ దారిలో వచ్చినా, ముందు జాబితా తెరిచేవాణ్ణి.