నలభై రెండో ఉత్తరం

ఆదివారం పొద్దున ఇస్త్రీ బట్టల ముందు నిలబడితే తప్ప ఆమెకు ఉత్తరాలు చెవికెక్కవు. చూపులేనివాళ్ళకు అక్షరాలు చదివి వినిపించే ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎక్కడెక్కడి వాళ్ళో జీతం బత్తెం లేకుండా కలిసి రాస్తుంటారు. వాళ్ళ వాదులాటలన్నీ ఒక ఈమెయిల్ గుంపులోనే. వారమంతా వచ్చిన ఉత్తరాలను ఒక పేజీకి కుదించి పంపడం పదకొండేళ్ళుగా ఆమె పని. తనకు చూపున్నా ఆ సాఫ్ట్‌వేర్ చేతనే చదివించుకుంటూ, ఒక్కో ఉత్తరానికి కాగితం మీద ఒక గీత గీసి, పక్కన రెండు ముక్కలు రాసుకుంటుంది. ఎవరూ అనని మాట ఆమె పేజీలోకి ఎక్కిందని ఇంతవరకూ వేలెత్తి చూపినవాళ్ళు లేరు.

ఆ వారం గొడవ పాత గొంతు గురించి. ఈ పని మొదలుపెట్టిన పెద్దాయన పాతికేళ్ళ కిందట తన గొంతునే రికార్డు చేసి ఇచ్చాడు. ఆమె ఇప్పటికీ వినేది అదే. గరగరమంటోంది, తీసేద్దాం అన్నారు కొత్తవాళ్ళు. గుంపు నియమం ఒకటే: సారాంశం వెళ్ళిన వారంలోగా ఒక్కరు కాదన్నా ఆ మార్పు ఆగుతుంది, అందరూ ఊరుకుంటే ఒప్పుకున్నట్టే.

ఆమె సారాంశం పంపింది. అందులో చివరి వాక్యం: "పెద్దాయన ఒప్పుకోలేదు. ఆ గొంతు విని నిద్రలేచేవాళ్ళు ఇంకా ఉన్నారు అన్నారు."

మధ్యాహ్నం ఒకరు అడిగారు. "పెద్దాయన ఉత్తరం ఏదండీ? మాకెవరికీ రాలేదే."

వెతికింది. కాగితం మీద నలభై రెండు గీతలు. గుంపులో నలభై ఒక్క ఉత్తరాలు.

"పదకొండేళ్ళకి ఒక్క గీత ఎక్కువైంది. దానికే కొంప మునిగినట్టు మొహం పెట్టాలా?" అన్నాడు భర్త.

"ఎక్కువేంట్రా, నేనూ విన్నాగా," అంది మంచం మీద బట్టలు మడతపెడుతున్న అత్తగారు. "చివర్లో దగ్గాడు కూడా."

"అది మిషనమ్మా. దగ్గదు."

"నీ చెవులు నా చెవులు ఒకటి కావులే."

ఆమె ఇస్త్రీపెట్టె ఆపేసింది. దగ్గు ఆమె కూడా విన్నది. రాసుకోలేదంతే.

పెద్దాయనకు రాస్తే సాయంత్రం ఆయన కూతురు జవాబిచ్చింది. "నాన్న గురువారం పోయారండీ. చివరి రెండు రోజులూ వేళ్ళు కదల్లేదు. ఆ గొంతు విని నిద్రలేచేవాళ్ళు ఇంకా ఉన్నారు అని ఒకటే మాట. ఎవరికి చెప్పాలో మాకు తెలియలేదు."

ఆ జవాబును ఆమె కళ్ళతోనే చదువుకుంది. దిద్దకపోతే గొంతు నిలుస్తుంది, గుంపుకు రాని ఉత్తరం ఒకటి తన పేజీలో ఉండిపోతుంది. దిద్దితే గొంతు పోతుంది. పోయినవాళ్ళ మాట గుంపులో చెల్లదు. సారాంశం రాసే మనిషి వాదనలో దిగకూడదని తనకు తాను పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. దాన్ని ఆ సాయంత్రం తెంపేసింది.

"పెద్దాయన ఉత్తరం రాలేదు. తప్పు నాది. గొంతు తీసేయడానికి నేను ఒప్పుకోవడం లేదు."

గొంతు పోకుండా నిలిచింది.

మరుసటి ఆదివారం ముందుగానే లెక్కపెట్టుకుంది. పన్నెండు ఉత్తరాలు. అత్తగారు తలుపు దగ్గరికి కుర్చీ జరుపుకుంది. పాత గొంతు చదువుకుంటూ పోయింది. పన్నెండో గీత పడింది. ఆమె కంప్యూటర్ కట్టేయబోయింది.

కంప్యూటర్‌లోంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆమె మళ్ళీ పెన్ను తీసుకుంది.