గుయ్‌లాన్ టీచరమ్మ దాచిన చెయ్యి

గుయ్‌లాన్ టీచరమ్మకు సోయా గింజలంటే భయం. పాతికేళ్లకు పైగా పిల్లల చేతికి అవే ఇచ్చి ఆడిస్తున్న మనిషికి భయమేమిటని అడగకండి. గింజ ముక్కులో దూరుతుంది, చెవిలో దూరుతుంది, ఏ గడుగ్గాయో గుటుక్కున మింగేస్తాడు. అందుకే గిన్నెకు నలభై చొప్పున లెక్కపెట్టి పోస్తుంది, ఆట అయ్యాక లెక్కపెట్టి తీసుకుంటుంది. ఒక్కటి తగ్గిందా, పన్నెండుమంది ముక్కుల్లోకీ టార్చిలైటు వేసి చూసేదాకా ఆవిడకు మంచినీళ్లు గొంతు దిగవు.

శావ్‌షింగ్ పట్నం అవతల కాలవ గట్టున ఉన్న ఆ పసిపిల్లల బడిలో కొన్న బొమ్మ ఒక్కటీ లేదు. గరిటెలు, జల్లెడలు, వెదురు గొట్టాలు, ఎవరి కోటు నుంచో ఊడిన గుండీలు, మూతలేని టీ డబ్బాలు. ఊళ్లో ఎవరింట్లో ఏది పాడైనా టీచరమ్మ గుమ్మంలో పెట్టి పోతారు. పిల్లలు జల్లెడలో నీళ్లు మోసి, మోయలేక, గిన్నె వెతుక్కుంటారు. గుండీలను రంగులవారీగా పేర్చి అంతలోనే చెరిపేస్తారు. అన్నం తినే పుల్లలు, చాప్‌స్టిక్స్, పట్టుకుని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి గింజలు మారుస్తారు. ఎవరికీ ఏమీ చెప్పదావిడ. పక్కన చిన్న పీట వేసుకుని చూస్తుంది, అంతే.

ఆ శనివారం మాత్రం ఆవిడ భయం గింజల గురించి కాదు, తావ్‌తావ్ గురించి.

తావ్‌తావ్‌కు నాలుగున్నరేళ్లు. పుట్టుకతో ఎడమచేతివాటం. ఇంట్లో పెత్తనమంతా తాతదే. పాన్ తాత నలభై ఏళ్లు పెళ్లి విందులకు వంట చేసిన మనిషి, మాటంటే మాటే. బడిలో చేర్చిన రోజునే చెప్పాడు, "ఇది కుడిచేత్తో తినడం నేర్చుకోవాలి టీచరమ్మా. నేర్పకపోతే టౌను బడికి మార్చేస్తా. అక్కడ బెత్తం ఉందిలే." గుయ్‌లాన్ అలాగేనంది. అని, నేర్పలేదు.

నేర్పలేకపోయింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక పిల్లవాడి ఎడమచేతిని, వాళ్లమ్మ అడిగిందని, చేతిరుమాలుతో బెంచీకి కట్టింది. వాడు ఏడవలేదు. మూడోరోజు నుంచి బడికి రాలేదు. ఇప్పుడు వాడు బజారులో చేపలమ్ముతాడు. ఎడమచేత్తో చకచకా పొలుసు తీస్తూ, "టీచరమ్మా, బాగున్నారా" అని నిండుగా నవ్వుతాడు. ఆ నవ్వు చూడలేక ఆవిడ చేపలకు ఇంకో వీధి చుట్టు తిరిగి వెళుతుంది.

అందుకే తావ్‌తావ్‌తో చెప్పింది, "ఇక్కడ నీకిష్టమైన చెయ్యి. ఇంట్లో తాత చెప్పిన చెయ్యి. ఇది మనిద్దరి రహస్యం, సరేనా?" పిల్ల కళ్లింత చేసుకుని తలూపింది. ఏడాదిగా అలాగే సాగుతోంది. ఇవాళ పిల్లలందరి ఇంటివాళ్లూ వాళ్ల ఆట చూడటానికి వస్తున్నారు.

"అక్కా, మీరేదో సర్కారు పరీక్ష రాస్తున్నట్టు ఆ చెమటలేంటి?" అంది తోటి టీచరు సియాజింగ్.

"గింజలాట తీసేద్దామా?"

"ఆటల జాబితా గోడకి అంటించి మూడ్రోజులైంది. తీసేస్తే ముసలాళ్లు మనల్నే తీసేస్తారు."

తావ్‌తావ్‌ను పిలిచి, ఇవాళ్టికి కుడిచెయ్యి వాడమ్మా అని చెబితే సరిపోయేది. రెండుసార్లు పిలిచింది కూడా. రెండుసార్లూ జడ సవరించి పంపేసింది.

తాతలూ నానమ్మలూ వచ్చారు. పిల్ల చేతిలో గరిటె తడబడితే చాలు, లాక్కుని తామే చేసిపెట్టే రకం వాళ్లంతా. అందుకని ఒక్కొక్కరి చేతిలో అంచుదాకా నింపిన వేడి టీ గ్లాసు పెట్టింది గుయ్‌లాన్. రెండు చేతులతో పట్టుకోవాలి, లేకపోతే ఒలుకుతుంది. ఏటా చేసే ఉపాయమే. పాన్ తాత గ్లాసు పట్టుకుని సరిగ్గా గింజల బల్ల ఎదురుగా నిలబడ్డాడు.

తావ్‌తావ్ వంతు వచ్చింది. తాతను చూసింది, టీచరమ్మను చూసింది, బెంచీ మీద కూర్చుని కుడిచేత్తో పుల్లలు అందుకుంది. మెల్లగా, నాలుక పంటికింద నొక్కిపట్టి, ఒక్కొక్క గింజే మార్చింది. నలభైలో ఒక్కటీ జారలేదు. పాన్ తాత పక్కావిడ వైపు గర్వంగా చూశాడు. హమ్మయ్య అనుకుంది గుయ్‌లాన్. గండం గడిచింది.

పిల్ల లేచి పరుగున వచ్చి ఆవిడ చెవి దగ్గర గుసగుసలాడింది, "నేనెవరికీ చెప్పలేదు టీచరమ్మా."

అప్పుడు చూసింది గుయ్‌లాన్ ఆ ఎడమచేతిని. అదెక్కడ బయటికొస్తుందోనని పిల్ల ఇంతసేపూ దానిమీదే కూర్చుంది. బెంచీ చెక్కల గీతలు అరచేతినిండా ఎర్రగా పడ్డాయి. అప్పుడు ఆ పిల్లవాడికి రుమాలు కట్టింది ఆవిడే, ఇప్పుడిదీ ఆవిడ చేసిందే. ఈసారి రుమాలు కూడా అక్కర్లేకపోయింది.

"పాన్ తాతగారూ," అంది, అందరూ వింటూండగానే. "తావ్‌తావ్ ఇక్కడ ఏడాదిగా ఎడమచేత్తోనే అన్నీ చేస్తోంది. మీకు చెప్పొద్దని నేనే నేర్పాను. పిల్ల తప్పేం లేదు."

తాత గ్లాసు కిందపెట్టాడు. "అంటే ఏడాదిగా నన్ను వెర్రివెంగళప్పను చేశారన్నమాట."

"చేశాను."

"మీకేం తెలుసమ్మా! విందుల్లో గుండ్రబల్ల దగ్గర పదిమంది ఇరుక్కుని కూర్చుంటారు. ఎడమచేతివాడి మోచెయ్యి పక్కవాడికి తగులుతుంది, సూపు ఒలుకుతుంది. వాణ్ణి ఇంకెవ్వరూ పక్కన కూర్చోబెట్టుకోరు. నలభై ఏళ్లు కళ్లారా చూశాను. రేపు దీన్నెవరు కూర్చోబెట్టుకుంటారు?"

గుయ్‌లాన్ తావ్‌తావ్ ఎడమచేతిని పట్టుకుని ఆయన ముందు చాచింది.

పాన్ తాత ఆ ఎర్రటి గీతలను చూశాడు. ఒంగి, నూనెమరకలతో నల్లబడ్డ బొటనవేలితో వాటిని రుద్దాడు, చెరిగిపోతాయేమోనన్నట్టు. "నా కుడిపక్కన కూర్చుంటుంది," అన్నాడు చివరికి, టీచరమ్మ ముఖం చూడకుండా. "తగిలితే నా మోచేతికే తగులుతుంది. మీ మీద మాత్రం నా కోపం పోలేదు."

గుయ్‌లాన్ ఆ కోపాన్ని తలవంచి తీసుకుంది. తావ్‌తావ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆవిడ గౌను అంచు లాగింది.

"టీచరమ్మా, మరి ఇప్పుడు ఎవరికి చెప్పకూడదు?"