బంద్ నాడు సిద్దిపేటకు ఒక ఫోను పేషెంటు

ముందుగా యావత్ యాత్రికలోకానికి రెండు చేతులూ జోడించి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈ వ్యాసంలో జలపాతం లేదు, కోట లేదు, కొండమీది సూర్యోదయం అసలే లేదు. ఉన్నదల్లా దుబ్బాక నుంచి సిద్దిపేట దాకా ముప్పై కిలోమీటర్ల లోపు రోడ్డు, దోస్తు దగ్గర అడిగి తెచ్చిన మోపెడ్, వెనక సీట్లో మా చిన్నమ్మ, ఆమె గుప్పిట్లో మాటిమాటికీ ప్రాణం విడిచి మళ్లీ పుట్టే ఒక ఫోను. ఇంత అల్పమైన సంగతితో మీ అమూల్యమైన సమయాన్ని తినేస్తున్నందుకు నా గుండె తరుక్కుపోతోంది. అయినా రాస్తున్నాను. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజుల్లో, బంద్ నాడు, ఫోను బాగుచేయించడానికి సిద్దిపేట పోయినవాళ్ల అనుభవాలు ఎంత వెతికినా నాకు ఎక్కడా దొరకలేదు. ఆ లోటు తీర్చే భారం చరిత్ర నా భుజాల మీద పెట్టింది.

ఆ ఫోను దుబాయి నుంచి వచ్చింది. మా చిన్నబాపు, అంటే చిన్నమ్మ పెనిమిటి, అక్కడ కట్టడాల పనిలో ఉండేవాడు. సెలవు మీద వస్తున్న ఒకాయన చేతికిచ్చి పంపాడు. మా వాడకట్టులో వేలితో తాకితే కదిలే ఫోను అదే మొదటిది కాబట్టి చిన్నమ్మ దానిమీద గీత పడనిచ్చేది కాదు. మగ్గం మీంచి దిగిన కొత్త తువ్వాలలోంచి ముక్క కోసి, ఫోను కొలతకు సరిగ్గా ఒక గలీబు కుట్టింది. దిండుకు గలీబు ఉన్నప్పుడు ఫోనుకు ఎందుకు ఉండొద్దు? ఇంకా నీళ్లు చూడని బట్ట, నూలుకు పట్టించిన గంజి అట్లాగే ఉంది. విడిగా బల్ల మీద పెడితే అట్టపెట్టెలా నిటారుగా నిలబడేది. అందులో ఫోను ఎంత బిగువుగా కూర్చునేదంటే, బయటికి లాగాలంటే ఇద్దరు మనుషులు కావాలి. మాట్లాడేటప్పుడు కూడా చిన్నమ్మ గలీబుతోనే చెవికి ఆనించుకునేది.

వచ్చిన నెలకే ఫోనుకు జబ్బు చేసింది. దానంతటది ఆరిపోయేది, కాసేపటికి స్వాగత సంగీతం వాయించుకుంటూ లేచేది. చిన్నబాపు ఫోను చేసేది శుక్రవారాలే, అదీ ఎవరెవరి ఫోన్లోంచో, ప్రతిసారీ కొత్త నంబరు. ఆయన పని గడువు ముగుస్తోంది. ఇంకో రెండేళ్లు ఉంటానని సంతకం పెట్టాలో, సామాను సర్దుకుని ఇంటికి రావాలో శనివారం లోపు కంపెనీకి చెప్పాలి. చిన్నమ్మ మనసులో ఒకే మాట ఉంది: పెట్టకు, వచ్చెయ్యి. గత రెండు శుక్రవారాలూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. "ఇగో, నీకొక ముచ్చట చెప్పాలె" అనడం, ఫోను గుటుక్కుమనడం. చిన్నబాపేమో ఆమె కోపంతో కట్ చేస్తోందనుకుని, పక్కూరివాళ్ల ద్వారా కబురు పంపాడు: "నేనంటే గంత నారాజుంటే, ఈడనే ఉంట." దీనికి జవాబు పరాయి నోటితో పంపడం చిన్నమ్మకు ఇష్టం లేదు, తన నోటితోనే చెప్పాలంది.

దీనికి వైద్యుణ్ని నేనే. బీయస్సీ కంప్యూటర్స్ పాసైన నేరానికి మా వాడకట్టులో నన్ను అందరూ కంప్యూటర్ సారు అంటారు. బ్యాటరీ తీసి ఊదాను. సిమ్ము తీసి చొక్కా అంచుతో తుడిచాను. ఆటలన్నీ చెరిపేశాను. చివరికి ఫోన్లో ఉన్నదంతా కడిగేసి, పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేశాను. మళ్లీ గలీబులో పెట్టి చిన్నమ్మకిస్తే, పుట్టినప్పటికంటే ఎక్కువ ఉత్సాహంతో ఆరిపోయింది. వేరే ఫోన్లో సిమ్ము వేద్దామంటే, దాన్ని ఈ ఫోనుకు పట్టేలా కత్తెరతో కత్తిరించిన మహానుభావుణ్ని కూడా నేనే. అది ఇక ఏ ఫోన్లోనూ నిలబడదు. మా బాపు మాత్రం నాడి పట్టుకోకుండానే రోగం చెప్పాడు: "దుబాయి కరెంటుకు అలవాటు పడ్డదిరా అది. మన కరెంటు తాగంగనే మన కరెంటు లెక్కనే అయ్యింది. వస్తది, పోతది."

మూడో శుక్రవారం బంద్. బస్సులు డిపో దాటలేదు, ఆటోలు లేవు. చిన్నబాపు ఫోను ఎప్పుడూ నాలుగు ప్రాంతంలో వస్తుంది. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే జహీర్ భాయి నాకు కాలేజీ రోజుల నుంచీ తెలుసు కాబట్టి, పొద్దున పదికి మోపెడ్‌లో రెండు లీటర్ల పెట్రోలు పోయించి బయల్దేరాం. ఈ మార్గం పట్టదలచినవారికి మనవి: మామూలు రోజుల్లో ఇది గంట లోపు ప్రయాణం. బంద్ నాడు ఎంతసేపన్నది దారిలో వంట ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది.

హబ్షీపూర్ చౌరస్తా దాటి పెద్ద రోడ్డెక్కామో లేదో, ఆ వంట ఎదురైంది. వంటావార్పు అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, రాస్తా బంద్ చేయడం. నడిరోడ్డు మీద మూడు పెద్ద గంజుల్లో బగారన్నం ఉడుకుతోంది. మూరెడు గరిటె పట్టుకుని మల్లవ్వ అనే పెద్దావిడ మా మోపెడ్ ముందు నిలబడింది.

"యాడికి?"

"దవాఖానకు అవ్వా. పేషెంటు ఉంది" అన్నాను గంభీరంగా.

మల్లవ్వ చిన్నమ్మను కిందికీ మీదికీ చూసింది. "పిట్టతీర్గ మంచిగనే ఉందిగదరా?"

"నాకు గాదక్కా" అని చిన్నమ్మ గలీబు ఎత్తి చూపించింది. అదే అదనుగా ఫోను గుటుక్కుమని, కాసేపటికి స్వాగత సంగీతం వాయించింది. రోడ్డు మీద కూర్చున్నవాళ్లందరూ తమ తమ జేబులు తడుముకున్నారు.

సంగతంతా విన్నాక మల్లవ్వ గరిటె దించింది గానీ దారి వదల్లేదు. "తినంది ఎవ్వల్ని పోనియ్య. మంత్రొచ్చినా గంతే. కూసోన్రి."

"బువ్వ పోతలేదక్కా" అంది చిన్నమ్మ. "ఇయ్యాల చెప్పకుంటే ఇంక రెండేండ్లు. ఎట్ల పోతది బువ్వ?"

"తింటెనే గదనే గొంతు లేసేది? గొంతు లేస్తెనే గదా దుబాయిదాంక ఇనవడేది?"

చిన్నమ్మ ఫోన్ని నా ఒళ్లో పడేసి తినడానికి కూర్చుంది. నేను ఒక చేత్తో తింటూనే, అక్కడున్నవాళ్లు చూసి తరించేలా పక్కాయన సాయంతో ఫోన్ని గలీబులోంచి లాగి, బ్యాటరీ తీసి, వెలుగుకు పట్టి, తల పంకించి, బ్యాటరీ మళ్లీ బిగించాను. విస్తరాకులో బగారన్నం, వంకాయ-ఆలుగడ్డ కూర. నూనె మోచేతి దాకా కారింది. పైసా తీసుకోరు, పైగా రెండోసారి అడక్కుండానే వడ్డిస్తారు. చేయి కడుక్కుందామని లేచి చూస్తే నీళ్ల డ్రమ్ము బోర్లించి ఉంది. ఫోను చొక్కా జేబులో వేసుకుని, ఎలాగో బండి తీసి, ఒంటిగంట దాటాక సిద్దిపేట చేరాం.

జహీర్ భాయి దుకాణం మూసి ఉంది. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి వేలితో చౌరస్తా వైపు చూపించాడు. "గా గుడారంల ఉన్నడు. ఇయ్యాల నిరాహార దీక్షల ఆయన వంతు."

గుడారంలో తెల్లటి పరుపుల మీద ఆరుగురు వరసగా కూర్చున్నారు. మెడలో బంతిపూల దండలు, ముందు ఒక చిన్న బల్ల, బల్ల మీద మైకు. చివర్లో జహీర్ భాయి, పెళ్లికొడుకులా.

"భాయి, అర్జెంటు" అన్నాను.

"అయిదింటికి నిమ్మకాయ నీళ్లు తాగిచ్చినంక లేస్త తమ్మీ. అప్పటిదాంక లేసుడు లేదు."

"నాలుగింటికే ఫోనొస్తది. దుకాణం తాళంచెవి ఇస్తే..."

"దుకాణాలు బంద్ చేపిచ్చెటోన్ని, నా షట్టరే లేపితే జనం నవ్వరా? ఇటియ్యి, కూసున్నకాడనే జూస్త."

అలా ఆ గుడారం దవాఖాన అయింది. జహీర్ భాయి ఫోను తిప్పి చూశాడు, చెవి దగ్గర ఊపాడు, వాసన చూశాడు. తర్వాత అది వరసలో ఒక్కొక్కరి చేతికీ వెళ్లింది. ఆకలితో ఉన్న మనుషులకు కాలక్షేపం కావాలి కదా. ఒకాయన వైరస్సన్నాడు. ఒకాయన దిష్టి అన్నాడు. లారీ నడిపి రిటైరైన యాదగిరి మాత్రం నుదురు చిట్లించి, "ఇంజను హీటెక్కుతుంది. నీడకు వెట్టున్రి" అన్నాడు. సరేనని బల్ల మీద, మైకు పక్కన, నీడలో పడుకోబెట్టారు.

ఫోను చావలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. వేదిక మీద పాట అయిపోయింది, ఉపన్యాసం అయిపోయింది. ఫోను నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

"నీ ఫోనుకు ఏం బీమారి లేదు తమ్మీ" అన్నాడు జహీర్ భాయి. "నీకే ఉన్నట్టుంది."

చిన్నమ్మ ముఖం వాడిపోయింది. "నా చేతిలనే సస్తది అన్నా. నలుగుర్ల మంచిగుంటది. అచ్చం మా ఇంటాయన లెక్క." తర్వాత నా వైపు తిరిగింది. "గలీబేదిరా? దుమ్ము వడ్తుంది గాదూ?"

"ఉంది చిన్నమ్మా, భద్రంగుంది" అన్నాను ప్యాంటు జేబు మీద చేయి వేసుకుని.

"తియ్యి మరి."

నేను తీయలేదు. తీయకపోవడానికి ఏ కారణం చెప్పాలా అని ఆలోచిస్తుండగానే ఫోను మోగింది. పక్కనే ఉన్న మైకు ఆ మోతను అందుకుంటే, నాలుగు దిక్కుల లౌడ్‌స్పీకర్ భోంగాల్లోంచి అది పాత బస్టాండంతా వినిపించింది. చిన్నమ్మ ఉరికివచ్చి బల్ల ముందు కూలబడింది. జహీర్ భాయే ఫోనెత్తి, స్పీకర్ నొక్కి, ఆమె ముందు పెట్టాడు. మైకు ఆపాలన్న ధ్యాస అక్కడ ఎవరికీ లేదు.

"హలో" అంది దుబాయి. "ఇయ్యాల గూడ కట్ చేస్తవా?"

"నేను కట్ చేస్తలేనయ్యా, ఫోనే సస్తుంది! అది సచ్చేలోపు ఇను." చిన్నమ్మ ఊపిరి పీల్చుకుంది. నేను కళ్లు మూసుకున్నాను. ప్రతిసారీ సరిగ్గా ఇక్కడే పోతుంది.

పోలేదు.

"సంతకం వెట్టకు. ఇంటికి రా. మగ్గం ఉంది, నేనున్న, ఇంత తిని బతుకుదాం. రాష్ట్రం వస్తదో రాదో నాకెర్కలేదు గని, నువ్వైతే రా."

ఆ మాట భోంగాల్లోంచి చౌరస్తా మీదికి, మూసిన దుకాణాల మీదికి, బందోబస్తుకు నిలబడ్డ పోలీసుల మీదికి పోయింది. అప్పుడు యాదగిరి పిడికిలెత్తి "జై తెలంగాణ!" అన్నాడు. గుడారం, రోడ్డు, పక్క సందులో చాయ్ తాగుతున్నవాళ్లు, అందరూ అందుకున్నారు.

"ఏందే గా లొల్లి?" చిన్నబాపు గాబరాపడ్డాడు. "ఎంతమందున్నరే ఆడ?"

చిన్నమ్మ చుట్టూ చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సిగ్గుతో సగం నవ్వుతూ చెప్పింది: "సిద్దిపేటంత ఉంది. అందరు నిన్ను రమ్మంటున్నరు."

ఫోను మళ్లీ చస్తుందేమోనని నేను ముందుకు వంగాను. "సరే" అన్నాడు చిన్నబాపు. "గింతమందికి కాదని ఎట్ల చెప్త?"

అయిదింటికి జహీర్ భాయి నిమ్మకాయ నీళ్లు తాగాడు. బాగుచేసినందుకు ఎంత అంటే, "ఏం చేసిన్నని? నీడకు వెట్టింది యాదగిరన్న" అన్నాడు. తిరుగు ప్రయాణంలో చిన్నమ్మ ఫోన్ని కొంగులో ముడివేసుకుని కూర్చుంది. మల్లవ్వ ఉన్నచోట పొయ్యిరాళ్లు మాత్రం మిగిలాయి. అక్కడ బండి ఆపమని, దిగి, ఎవరూ లేని ఆ పొయ్యిల వైపు చూసి, "గొంతు లేసిందక్కా" అని మళ్లీ ఎక్కింది.

ఊళ్లు చూడ్డానికి చాలామంది చాలా దూరాలు పోతారు. నేను ముప్పై కిలోమీటర్లలోపే పోయి, ఒక మనిషి తన ఇంటి మాటను ఊరంతా వినేలా చెప్పడం, ఊరంతా దాన్ని తన మాటగా అందుకోవడం చూశాను. ఆ రోజు తర్వాత నినాదం విన్నప్పుడల్లా దాని కింద ఎవరెవరి ఇంటి మాటలు ఉన్నాయోనని చెవి రిక్కిస్తాను. చిన్నబాపు ఆ చలికాలంలోనే వచ్చాడు. రాష్ట్రం కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఫోను మళ్లీ ఎప్పుడూ దానంతటది ఆగలేదు కాబట్టి, బాగుచేసిన ఘనత మా వాడకట్టు నాకే కట్టబెట్టింది. ఇప్పుడు మిక్సీలు కూడా తెస్తున్నారు.

నాలాంటి ప్రయాణం పెట్టుకున్నవారికి ఒక్క సలహా: ఫోను ఆగి ఆగి లేస్తుంటే, బయల్దేరేముందు దాని కవరు తీసేసి ఒక పూట చూడండి. పక్కనున్న బటన్ను అది నొక్కుతోందేమో. మా గలీబు చేసిన పని అదే. గంజి బట్ట బిగిసి బటన్ను అదిమిపట్టేది, చిన్నమ్మ కంగారుపడి గట్టిగా పట్టుకున్నప్పుడల్లా ఇంకాస్త అదిమేది. ఇది నాకు వారం తర్వాత, బటన్ను వేలితో కాసేపు నొక్కిపట్టి చూస్తే, స్వాగత సంగీతం వినపడ్డాక తెలిసింది.

ఇక ఆ రోజు నేను నిజంగా చేసిన పని. మల్లవ్వ దగ్గర డ్రమ్ములో నీళ్లు లేవని చెప్పాను కదా. చేతినిండా వంకాయ కూర నూనె, ఇంకో చేతిలో చిన్నమ్మ ప్రాణంగా కుట్టుకున్న తెల్లటి గలీబు. అటూ ఇటూ చూసి, తుడిచేశాను. భయపడి జేబులో దాచాను. మరునాడు ఎవరూ చూడకుండా సబ్బు పెట్టి ఉతికితే పసుపు మరక సగం పోయింది, గంజి పూర్తిగా పోయింది. "గింత మెత్తగైందేందిరా?" అని చిన్నమ్మ అడిగితే, "సిద్దిపేట గాలి" అన్నాను. మూడేళ్లు కంప్యూటర్లు చదివి ఆ ఫోనుకు నేను చేసిన ఏకైక వైద్యం, దాని గలీబుకు ఎంగిలి చేయి తుడుచుకోవడం.