ఇరవై రెట్లన్న కీ

పాప నిద్రపోయింది. నాకు కోపం తగ్గలేదు.

పోయిన నెల తిరుపతిలో పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్ళాను. పుత్తూరు దారిలో ఓ ఇంజనీరింగ్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్ని. పాపను వడమాలపేటలో అమ్మ దగ్గర వదిలి పొద్దున్నే బస్సెక్కేదాన్ని.

ప్రశ్న ఇది: ప్రాసెసర్ వేగం పద్దెనిమిది నెలలకోసారి రెట్టింపైతే పదిహేనేళ్ళలో ఎన్ని రెట్లవుతుంది? మాకిచ్చిన కీలో జవాబు ఇరవై. పదిసార్లు రెట్టింపు కదా అని పదిని రెండుతో హెచ్చవేశాడు ఏ మహానుభావుడో. రెండు, నాలుగు, ఎనిమిది అంటూ వేళ్ళు మడిస్తే పదో వేలికి వెయ్యి దాటుతుంది. పది రెట్టింపులంటే వెయ్యి అనుకోండి చాలని నా క్లాసులో మొదటి రోజే చెప్తాను.

ఒక్క పేపర్లో ఆ వెయ్యి కనిపించింది. కింద ఇంకో మాట కూడా: మెమరీ వేగం ఏడాదికి ఏడు శాతమే పెరిగితే, రెట్టింపుకు పట్టే ఏళ్ళ కోసం డెబ్బైని ఏడుతో భాగించండి, ఒక్క రెట్టింపుకే పదేళ్ళు, అందుకే ప్రాసెసర్ మెమరీ కోసం కాచుకుని కూర్చుంటుంది. ఐదుకు ఐదు వేశాను. ఆ ఐదుతోనే పేపరు పాసైంది.

చీఫ్ ఎగ్జామినర్ మా కాలేజీ హెచ్‌ఓడీనే. పేపరు తీసి చూశాడు.

"కీలో ఇరవై ఉండాది గదమ్మా."

"కీ తప్పు సార్."

"వెయ్యి రెట్లు పెరిగుంటే నా ఫోను ఎందుకిట్ల ఈడస్తా ఉండాది?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"మెమరీ అంత పెరగలేదు కాబట్టి సార్. ఈ బిడ్డ రాసింది అదే."

కాగితం మీద లెక్క వేసి చూపించాను. అర్థమైందని ముఖంలోనే తెలిసింది. గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు కీ మారిస్తే మూడు దినాల కట్టలన్నీ మళ్ళా దిద్దల్ల. నువ్వు దిద్దతావా? చంటిబిడ్డ తల్లివి, నీ బస్సు సూసుకో పో."

ఐదు కొట్టేసి సున్నా పెట్టి, పక్కన నా సంతకం అడిగాడు.

ఆ రోజు పొద్దున పాప ఒళ్ళు వెచ్చగా ఉంది. అమ్మ అప్పటికి రెండుసార్లు ఫోన్ చేసింది. వచ్చే ఏడాది కాంట్రాక్టు ఆయన చేతిలోనే ఉంది. సంతకం పెట్టేశాను.

పాప జ్వరం మర్నాటికే పోయింది. ఆ పేపరు ఎవరిదో నాకు తెలీదు, మాకు కనిపించేది కోడ్ నంబరే. ఆ బిడ్డ రీవాల్యుయేషన్‌కు పెట్టుకున్నా దిద్దేవాళ్ళ చేతిలో ఉండేది ఆ కీనే.

పరీక్షల విభాగానికి ఇందాకే ఉత్తరం రాశాను. కీ తప్పని, ఆ సున్నా పక్కన సంతకం నాదేనని. రేపు పొద్దున పోస్టు చెయ్యాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.